ఒకే మోకు

ఆ ఏడు బంగాళాఖాతానికి పూనకం వచ్చింది. దసరా సెలవులు ముగియకముందే ఒక తుపాను, దీపావళి వెళ్ళిన వారానికి మరొకటి, మార్గశిరంలో ఇంకొకటి. వాటికి ఏ దేశాలవాళ్ళో పెట్టిన పేర్లు మాకు నోరు తిరగక ఒకటోది, రెండోది, మూడోది అనుకున్నాం. ఆ మధ్యలోనే అన్నాలు తిన్నాం, బట్టలు ఉతుక్కున్నాం, కరెంటు బిల్లులు కట్టాం. మూడోది వచ్చేసరికి మాలో భయపడే ఓపిక కూడా మిగల్లేదు.

నా పేరు కామేశం. మాది విజయనగరం. విశాఖలో గుట్ట మీదున్న తుపాను పరిశోధనాలయంలో డ్రోన్లు ఎగరేయడం నా పని. నా పక్క బల్ల సుగుణది. ఏరు సముద్రంలో కలిసేచోట, ఇసుక దిబ్బ మీద ఇసుకమొగ అని ఒక చేపలపల్లె ఉంది. ఆమె అక్కడి పిల్ల.

తుపాను ఫలానా ఊరికీ ఫలానా ఊరికీ మధ్య తీరం దాటుతుందని రేడియో చెబుతుంది. ఆ మధ్యనున్న పల్లెలన్నీ మూటలు కట్టుకోవాలి. పదిసార్లు కట్టి పదిసార్లు విప్పినవాడు పదకొండోసారి కట్టడు. సరిగ్గా ఆ పదకొండోసారే కొంపలు మునుగుతాయి. సుగుణ వాళ్ళ నాన్న అలాంటి పదకొండోసారికే పోయాడు. అందుకే ఆమె 'గడప' అనే యంత్రాన్ని తయారుచేసింది.

గడప తుపాను ఎక్కడికొస్తుందో కాదు, ఏ ఇంటిని ఏం చేస్తుందో చెబుతుంది. నేను డ్రోన్లతో తీసిన బొమ్మల్లోంచి ప్రతి ఇంటి గోడ మందం, కప్పు వాలు, పక్కనున్న చెట్టు ఎత్తు పట్టుకుంటుంది. తుపాను కడుపులోకి విమానం నుంచి చల్లిన కందిగింజంత పరికరాలు గాలి సంగతులు పంపిస్తూ ఉంటాయి. అసలు తుపాను రాకముందే గడప ఒక ఉత్తుత్తి తుపానును ఆ ఇంటి మీదకు వదిలి చూస్తుంది. నిలిచే ఇంటివాళ్ళ ఫోనులో పచ్చ, పడిపోయే ఇంటివాళ్ళ ఫోనులో ఎరుపు.

ఒకటో తుపానుకు ఇసుకమొగలోనే పరీక్ష పెట్టాం. ఎర్రయ్య అనే ఆసామి పెంకుటింటికి ఎరుపు వచ్చింది, పక్కనే ఉన్న అతని మేకల పాకకు పచ్చ వచ్చింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. గాలి తగ్గాక చూస్తే పెంకుటిల్లు లేదు. పాకలో మేకలు తీరిగ్గా నెమరేస్తున్నాయి. ఆ రోజునుంచి ఆ ఊళ్ళో గడప మాటంటే గ్రామదేవత అసిరితల్లి మాటే. మా డైరెక్టరు రంగనాయకి గారు ఆ మేకల ఫోటోకు ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించారు.

అయితే యంత్రానికి ఇళ్ళు తెలుసు గానీ మనుషులు తెలియరు. ప్రభుత్వం కట్టిన తుపాను షెల్టరు ఏటికి అవతల ఉంది. అక్కడ దోమలు, కంపు, తలుపుల్లేని మరుగుదొడ్లు. పక్కనే పచ్చ ఇల్లు ఉండగా ఆ నరకానికి ఎవడు పోతాడు? రెండో తుపాను నాటికి ఇసుకమొగలో పచ్చ వచ్చిన పెద్ద ఇల్లు ఒక్కటే. అది సుగుణ అన్న తవిటయ్యది. సిమెంటు కప్పు, ముందు నాలుగు స్తంభాల వసారా. ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో వచ్చి అందులో సర్దుకుంది.

ఇక్కడ ఆ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. గాలివాన వస్తుందంటే ఇసుకమొగలో ఎవరి పడవ వాళ్ళు కట్టుకోరు. పడవలన్నింటినీ ఒడ్డుకు లాగి, ఒకదాని వెనక ఒకటిగా ఒకే మోకుకు, లావుపాటి తాడుకు, కడతారు. పోతే అందరివీ పోవాలి, ఉంటే అందరివీ ఉండాలి. మర్నాడు ఊరంతా చేయి వేసి ఆ మోకు విప్పుతారు. ఒక్కడు విప్పకూడదు. ఆ ఏడు మోకు కట్టే పెద్దరికం తవిటయ్యది. ఎప్పుడూ దిబ్బ మీది కొబ్బరిచెట్లకు కట్టేవారు. కానీ ఆ చెట్లు పడిపోతాయని గడప చెప్పింది. దాంతో నిలిచేదానికే కడదామని, తెలివిగా, మోకు తెచ్చి తవిటయ్య వసారా స్తంభాలకు చుట్టారు.

మధ్యాహ్నం నా డ్రోను పంపిన చివరి బొమ్మలో సుగుణ ఆ సంగతి చూసింది. వెంటనే పడవల బరువు, ఉప్పెన ఎత్తు యంత్రానికి ఇచ్చింది. పచ్చగా ఉన్న ఇల్లు మేం చూస్తుండగానే ఎరుపైంది. నీళ్ళు లేస్తే పడవలన్నీ ఒక్కసారిగా లాగుతాయి. ఇసుకలో పాతిన స్తంభాలు ఊడతాయి. కప్పు కిందికి దిగుతుంది.

"షెల్టరుకి పంపిద్దామా?" అన్నాను నేను.

"ఈ గాలిలో పసిపిల్లల్ని ఏరు దాటిస్తారా కామేశం?" అన్నారు రంగనాయకి గారు. "ఆ ఇంట్లోంచి అడుగు బయట పెట్టినవాళ్ళు బయటే పోతారు. ఆ పడవలు ఇంటిని వదలాలి. ఇంకో దారి లేదు."

సుగుణ అన్నకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది.

"అన్నియ్యా, మోకు ఇంటికెందుకు కట్టీసినారు?"

"మరెక్కడ కట్టీమంటావు అమ్మీ? కొబ్బరి సెట్లు పడిపోతాయని నీ మిసనే సెప్పింది కదేటి. ఇల్లొక్కటే పచ్చ."

"పడవలు కట్టకపోతే పచ్చ. ఇప్పుడు ఎరుపొచ్చింది. నీళ్ళు లెగిస్తే స్తంబాలు ఊడొచ్చేస్తాయి. లోపలెంతమందున్నారు?"

"ఊరంతా ఇక్కడే ఉంది. మీ వొదిన జావ కాస్తంది పిల్లలకి." తవిటయ్య గొంతు తగ్గింది. "ఇప్పీమంటావా?"

"ఇప్పడానికి టయిము సాలదు. కోసీ."



"కోసీడానికి నానెవర్నే? అందరి పడవలూ దాని మీదే ఉన్నాయి. అడిగితే ఒక్కడూ ఒప్పుకోడు."

"అడక్కు. ఎవరికీ సెప్పకుండా ఎల్లి కోసీ."

"మిసను తప్పు సెప్పదు కదా?"

"సెప్పదు అన్నియ్యా."

ఫోను అలాగే ఉంది. మోకు తెగిన చప్పుడు వినబడుతుందేమోనని ముగ్గురం తలలు వంచి విన్నాం. గాలి తప్ప ఏమీ వినబడలేదు. తరువాత ఎవరో మగమనిషి పెట్టిన కేక, వెంటనే ఇంకా చాలా కేకలు. అంతటితో లైను పోయింది.

ఇసుకమొగలో ఒక్క ప్రాణం పోలేదు. ఒక్క పడవ మిగల్లేదు. కొబ్బరిచెట్లు గడప చెప్పినట్టే మొదలంటా పడిపోయాయి. తవిటయ్య ఇంటికి మాత్రం గోడకున్న సున్నం కూడా రాలలేదు. ఎక్కడెక్కడినుంచో మాకు అభినందనలు వచ్చాయి. ఇసుకమొగలో మాత్రం గున్నయ్య అనే పెద్దాయన వసారా స్తంభాన్ని అరచేత్తో కొట్టి, "ఇదంటరా పడిపోతాదన్నది? ఏనుగును కట్టినా కదల్దు" అన్నాడట. అందరూ ఆ స్తంభాన్ని చూశారు, తవిటయ్యను చూశారు, వెళ్ళిపోయారు. ఆ తరువాత ఎవరూ అతని గడప తొక్కలేదు. అతను వెళితే అరుగు మీదున్నవాళ్ళు లేచేవారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

వదిన అసిరమ్మ రోజూ సుగుణకు ఫోను చేసేది. సుగుణ పని చేసుకుంటూనే వినేది.

"అన్నం పెడితే తింటన్నాడు, పెట్టకపోతే అడగడం లేదు. నిన్న సెయ్యి పొయ్యి మీద పెట్టేసుకున్నాడు అమ్మీ, నాను అరిస్తే గానీ తీయలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. ఒక్కటే అడుగుతాడు, కొయ్యకపోతే ఇల్లు పడిపోయేదేనా అని. నానేటి సెప్పను?"

సుగుణ కూడా అన్నలాగే అయిపోయింది. టీ తెచ్చిపెడితే చల్లారిపోయేది. పలకరిస్తే బదులిచ్చేది, నవ్వాల్సినచోట నవ్వేది. ఒకరోజు రెండు కాళ్ళకూ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చింది. నేను చూపిస్తే, "అవునా?" అని మళ్ళీ తెర వైపు తిరిగింది. నాకు ఆమెను చూస్తే జాలి కన్నా భయం ఎక్కువ వేసింది.

ప్రతి తుపాను తరువాత గడప చెప్పినదానికీ జరిగినదానికీ తేడా చూడ్డానికి మేం ఊళ్ళకు వెళతాం. ఈసారి నేల కిందికి చూసే కొత్త పరికరం కూడా ఇచ్చారు. చూడ్డానికి చంటిపిల్లల తోపుడుబండిలా ఉంటుంది. దాన్ని నెట్టుకుంటూ తవిటయ్య ఇంటి చుట్టూ తిరిగాను. ఇసుక, ఇసుక, మళ్ళీ ఇసుక అనుకుంటుండగా తెర మీద ఒక నల్లటి గీత వచ్చింది. అడ్డంగా, నిలువుగా, చాలా మందంగా. రాతి పునాది.

పెరటి వెనక వల అల్లుకుంటున్న ముసలమ్మను అడిగాను.

"ఇక్కడేటైనా ఉండేదా మామ్మా, పూర్వం?"

"తెల్లదొరల కాలంలో ఉప్పు కొటారు ఉండేదంట బాబూ. మా తాతోలు సెప్పీవోరు. ఇసకలో కూరుకుపోయింది కదేటి."

ఉప్పు నిలవచేసే ఆ కొటారు గోడల మీదే, ఎవరికీ తెలియకుండా, తవిటయ్య ఇంటి స్తంభాలు కూర్చున్నాయి. కట్టిన మేస్త్రీ గట్టి నేల తగిలిందని సంతోషపడి ఉంటాడు. ఆకాశంలోంచి చూసే నా డ్రోనుకు ఇసుకే కనబడింది. గడపకూ ఇసుకేనని చెప్పాం.

సుగుణను పెరట్లోకి పిలిచి తెర చూపించాను. ఆమె అక్కడే చతికిలబడి, ఇసుక బదులు రాయి అని యంత్రానికి చెప్పి, రెండో తుపానును మళ్ళీ ఆ ఇంటి మీదకు వదిలింది. పడవలన్నీ కట్టి ఉంచింది.

పచ్చ.

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. ఇంకోసారి చేసింది. మళ్ళీ పచ్చే.

"మంచినీళ్ళున్నాయా కామేశం గారూ?" అంది.

సీసా ఇచ్చాను. మూత తీయకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. నాకైతే ఆ పరికరాన్ని తీసుకెళ్ళి సముద్రంలో పారేయాలనిపించింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతారు. నేలను తవ్వకుండానే నేను కొండచిలువను పట్టాను.

మేం ముందు వైపుకు వచ్చేసరికి వసారాలో తవిటయ్య ఉన్నాడు. పట్నంనుంచి ఆఫీసర్లు వచ్చారని గున్నయ్య, మరో నలుగురు పెద్దలు కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. అసిరమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. తవిటయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో ఏ భావమూ లేదు.

"అమ్మీ, ఈ పెద్దల ముందర ఒక్క మాట సెప్పీ. నాను కొయ్యకపోతే ఇల్లు పడిపోయేదా?"

నేను నేల వైపు చూశాను.

"పడిపోయేదే అన్నియ్యా," అంది సుగుణ. "ఒక్కలు కూడా మిగిలీవోరు కాదు."

తవిటయ్య ఉన్నచోటే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తుపాను తరువాత అతనికి వచ్చిన మొదటి ఏడుపు అది. గున్నయ్య చాలాసేపు నిలబడి, తరువాత వసారా ఎక్కి, అతని పక్కన కూర్చుని వీపు మీద చేయి వేశాడు.

"మా మనవలు నలుగురూ ఆయేల నీ ఇంట్లోనే ఉన్నార్రా," అన్నాడు. "పడవలదేటుంది, సెక్కముక్కలు."

ఆ సాయంత్రానికి మూడు ఇళ్ళనుంచి చేపల పులుసు వచ్చింది. మాకూ పెట్టారు. పులుసు బాగుంది. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గానీ, నిజంగానే చాలా బాగుంది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అన్నాను, "మంచి పనే చేశావమ్మా. నిజం చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తాం?"

"యంత్రంలో రాయి అని మార్చేశాను," అంది సుగుణ. "అక్కడ అబద్ధం పెట్టలేను కదా."

యంత్రంలో ఏముందో ఇసుకమొగవాళ్ళు చూడరులే అనుకున్నాం ఇద్దరమూ.

మార్గశిరంలో ఒక సేవాసంస్థ ఇసుకమొగకు కొత్త పడవలు ఇచ్చింది. పాతవాటిలో సగం కూడా లేవు. రెండేసి ఇళ్ళవాళ్ళు ఒక పడవ పంచుకున్నారు. కొత్త మోకు కొన్నారు. దాని మొదటి ముడి తవిటయ్య చేతే వేయించారట. అసిరమ్మ ఆ సంగతి చెబుతూ ఫోనులో నవ్వింది. అతను మళ్ళీ వేటకు వెళుతున్నాడని, రాత్రిళ్ళు నిద్రపోతున్నాడని చెప్పింది. సుగుణకు చెప్పులు మళ్ళీ జత కుదిరాయి.

అప్పుడొచ్చింది మూడోది.

రెండోదానికి ఇది పెద్దన్న అని టీవీలో పదేపదే చెప్పారు. ఈసారి ఇసుకమొగవాళ్ళు ఎవరి ఇంట్లోనూ దూరలేదు. గాలి మొదలవకముందే పిల్లల్ని, ముసలివాళ్ళను తీసుకుని షెల్టరుకు వెళ్ళిపోయారు. మనుషులకు ఏ భయమూ లేదు. మిగిలినవి పడవలు. కట్టడానికి దిబ్బ మీద ఒక్క చెట్టు లేదు. ఏటిలోకి తోలుకెళదామంటే అక్కడ వరద. ఊళ్ళో నిలబడి ఉన్నది ఒక్కటే, తవిటయ్య ఇల్లు.

తవిటయ్య ఫోను చేస్తాడని మాకు తెలుసు. చేయకముందే సుగుణ గడపను అడిగింది. మూడో తుపాను, ఖాళీ ఇల్లు, స్తంభాలకు కొత్త పడవలన్నీ. రాతి పునాది.

పచ్చ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది మాకు ఆ పచ్చ రంగులో కనబడింది. కట్టమంటే అబద్ధం బయటపడుతుంది. వద్దంటే కొత్త పడవలు కూడా సముద్రం పాలవుతాయి. ఒకసారి మా పొరపాటుకు, ఒకసారి మా అబద్ధానికి ఊరు రెండుసార్లు పడవలు పోగొట్టుకోవాలి.

"నేను మాట్లాడనా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఫోను మోగింది. స్పీకరులో పెట్టింది.

"అమ్మీ, గున్నయ్య మావ, నాను, ఇంకో పదిమంది పడవల కాడే ఉన్నాం. మిసనేటంటంది?"

సుగుణ తెర మీది పచ్చను ఇంకోసారి చూసింది.

"అమ్మీ?"

"ఇంటికే కట్టీండి అన్నియ్యా. నిలుస్తాది."

"పడవలన్నీ కట్టినా?"

"కట్టినా."

"ఇది దానికంటే పెద్దదంటన్నారు."

"పెద్దదే."

గాలి అప్పుడే మొదలవుతున్నట్టుంది, ఫోనులో గుయ్యిమంటోంది. వెనక ఎవరో "ఏటంటంది, ఏటంటంది?" అని అడుగుతున్నారు. తవిటయ్య చేపలు పట్టే మనిషే గానీ లెక్క తెలియనివాడు కాదు. పెద్ద గాలికి నిలిచే ఇల్లు చిన్న గాలికి ఎందుకు పడుతుంది?

"మరైతే అప్పుడు..." అన్నాడు.

సుగుణ ఫోను వైపు చూస్తూ కూర్చుంది.

"సర్లే," అన్నాడు తవిటయ్య కాసేపటికి. తరువాత అతని గొంతు దూరమైంది. "మావా, మోకు అందుకో. ఇంటికే కట్టీమంటంది సెల్లి. నిలుస్తాదంట."

అతను ఒక్క మాట మార్చి చెప్పి ఉంటే సరిపోయేది. ఇల్లు పడిపోతుందట, వదిలేద్దాం అని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పడవలు పోయేవి, అతని మంచిపేరు మిగిలేది. ఇల్లు గనక నిలిస్తే ఊరంతా తాను వేసిన లెక్కే వేసుకుంటుందని అతనికి తెలుసు. తెలిసే తన చేత్తో తానే మోకు చుట్టాడు.

మర్నాడు పొద్దున అసిరమ్మ ఫోను చేసింది.

"నిలబడింది అమ్మీ. ఒక్క పడవ కూడా పోలేదు."

"అన్నియ్యేడి?"

"ఇంటి ముందర నిల్చున్నాడు. మోకు ఇప్పడానికి అందరూ సెయ్యేసినారు, మీ అన్నను రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. ఏటీ అన్నేదు అమ్మీ, గున్నయ్య మావ కూడా ఏటీ అన్నేదు. ఇల్లొకపాలి సూసినాడు, మీ అన్ననొకపాలి సూసినాడు, ఎల్లిపోనాడు." ఆమె ముక్కు చీదుకుంది. "ఇందాక నన్నడిగినాడు, ఈ పాడు కొంప ఒక్క స్తంబమైనా ఇరగకూడదా అసిరీ, అని."

సుగుణ, "ఊఁ," అంది. "అన్నం తిన్నాడా వొదినా?" అని అడిగింది. ఆ తరువాత వదిన చెప్పిందంతా విని, ఫోను పెట్టేసింది.

మూడో తుపానుకు గడప తీరం పొడుగునా ఒక్క ఇంటి విషయంలోనూ తప్పలేదు. రంగనాయకి గారు సంతోషం పట్టలేక అందరికీ లడ్డూలు తెప్పించారు. సుగుణ తన లడ్డూ పూర్తిగా తిని, చేతులు కడుక్కుని వచ్చి, తెర మీది జాబితాలో తవిటయ్య ఇంటికి ఎదురుగా ఒప్పు గుర్తు పెట్టి, తరువాతి ఇంటికి వెళ్ళింది.